మీ కంచంలో అన్నం వెనక ఒక కేసు ఉంది

పిల్లలూ,

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కంచాలు కడుక్కుని లైన్లో నిలబడతారే, ఆయమ్మ వేడన్నం మీద సాంబారు పోసి పక్కన గుడ్డు పెడుతుందే, ఆ భోజనం మీ బడిదాకా ఎలా వచ్చిందో మీకు ఎవరైనా చెప్పారా? ఏ మంత్రిగారో జాలిపడి పెట్టిస్తున్నారని అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

2001లో రాజస్థాన్‌లో కరువు. ఊళ్లలో జనం పస్తులుంటున్నారు. జైపూర్ దగ్గర ఎఫ్‌సీఐ (సర్కారు ధాన్యం నిల్వ చేసే భారత ఆహార సంస్థ) గోడౌన్ల బయట మాత్రం ధాన్యం బస్తాలు పాడైపోతున్నాయి. దేశం మొత్తం మీద అప్పుడు సర్కారు దగ్గరున్న నిల్వ 5 కోట్ల టన్నులకు పైనే. ఇది చూసి కడుపు రగిలిన పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ నేరుగా సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. మన ప్రాథమిక హక్కులకు దెబ్బ తగిలితే తిన్నగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చని రాజ్యాంగం 32వ అధికరణం చెబుతుంది, 226వ అధికరణం కింద హైకోర్టుకైనా వెళ్లొచ్చు. వాళ్లు అడిగింది ఒక్కటే: 21వ అధికరణం మనిషికి బతికే హక్కు ఇచ్చినప్పుడు, గింజలు దగ్గర పెట్టుకుని జనాన్ని ఆకలితో చావనిస్తే ఆ హక్కు ఏమైనట్టు?

2001 నవంబర్ 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు నడుస్తుండగానే ఇచ్చే ఆదేశం, ఇచ్చింది. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో బడికొచ్చే పిల్లాడికి నెలకు 3 కిలోల బియ్యమో గోధుమలో ఇచ్చి చేతులు దులుపుకునేవారు. అలా కుదరదు, సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన భోజనమే పెట్టాలి, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి, ఆరు నెలల్లో రాష్ట్రమంతా మొదలవ్వాలి అంది. గ్రాములతో సహా చెప్పడమే నాకు బాగా నచ్చిన సంగతి, ఎందుకంటే "తగిన చర్యలు తీసుకోండి" అని రాసుంటే ఆ కాగితం ఏదో బీరువాలో పడి ఉండేది.

అయినా ఆర్డరు వచ్చినంత మాత్రాన పొయ్యి వెలగదు. గడువు దాటిపోయినా కదలని రాష్ట్రాలున్నాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2003 జనవరిలో గానీ వండి పెట్టడం మొదలవలేదు. కోర్టు ఆ కేసుని మూసేయకుండా ఏళ్ల తరబడి విచారణకు పిలుస్తూనే ఉంది, ప్రభుత్వాల చేత అఫిడవిట్లు (ప్రమాణం చేసి రాసిచ్చే కాగితాలు) వేయించింది, కింద నిజంగా అమలవుతోందో లేదో చూసి చెప్పమని 2002లో ఇద్దరు కమిషనర్లను వేసింది. వాళ్లలో ఒకరు ఎస్.ఆర్. శంకరన్ గారు. వెట్టిచాకిరీ పోగొట్టడానికి మన రాష్ట్రంలో జీవితం ధారపోసిన ఐఏఎస్ అధికారి, ఆయన పేరు చెబితే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్లున్నారు. వంట మనుషులుగా దళితులకు, ఆదివాసులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004లో కోర్టు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలంతా ఒకే వంట తిని పెరగడం ఎంత పెద్ద మార్పో మీకిప్పుడు తెలియకపోవచ్చు.

నన్నడిగితే 2001లో ఆ ఉత్తర్వు వచ్చిన రోజు కంటే ఆ తర్వాత వదలకుండా వెంటపడిన ఏళ్లే గొప్పవి. చివరికి 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఎనిమిదో తరగతి దాకా బడి భోజనం చట్టబద్ధమైన హక్కు అయింది.

కాబట్టి బియ్యం రాలేదనో, డబ్బులు పడలేదనో మీ బడిలో వంట ఆగితే ఊరుకోకండి. 2015 నాటి రూల్స్ ప్రకారం వంట లేని రోజుకి ఆహార భద్రత భత్యం మీకు ఇవ్వాలి, అదీ తర్వాతి నెల 15వ తేదీలోగా. ముందు హెడ్మాస్టరు గారిని అడగండి, అమ్మానాన్నల చేత ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి కాగితం రాయించి నకలు దగ్గర పెట్టుకోండి. అప్పటికీ కదలకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, పిల్లలకూ ఆడవాళ్లకూ అక్కడ లాయరుని ఉచితంగానే ఇస్తారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య