లింకిన్ పార్క్ తగవు 2024లో పుట్టింది కాదు

అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ వేదిక ఎక్కిన ప్రతిసారీ పాత తగవు మళ్లీ రాజుకుంటోంది. కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో పాత పాటలు విని ఒక వర్గం కేరింతలు కొడుతోంది. 2017లో కన్నుమూసిన పాత గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ లేని బ్యాండ్‌కు ఆ పేరెందుకని ఇంకో వర్గం నిలదీస్తోంది. పేరు మార్చుకుని ఏమైనా పాడుకోండి, మాకు అభ్యంతరం లేదన్నది వీరి మాట. పైకి చూస్తే ఇదంతా 2024 సెప్టెంబర్ 5న, కొత్త గాయనితో పాటు కొత్త డ్రమ్మర్ కోలిన్ బ్రిటన్‌ను ప్రకటించిన రోజున మొదలైనట్టు కనిపిస్తుంది. నిజానికి ఈ అభిమానులు రెండుగా చీలి అప్పటికే పద్నాలుగేళ్లయింది. ఆ చీలిక వచ్చినప్పుడు చెస్టర్ ఉన్నారు, తక్కిన ఐదుగురూ ఉన్నారు. మారింది సంగీతం ఒక్కటే.

2000లో వచ్చిన తొలి ఆల్బమ్ హైబ్రిడ్ థియరీ సంగతి అందరికీ తెలిసిందే. బ్యాండ్ సభ్యుడు మైక్ షినోడా రాప్, బరువైన గిటార్లు, పల్లవి దగ్గరికి వచ్చేసరికి చెస్టర్ అరుపు. 2003లో మెటియోరా అదే బాటలో నడిచింది. 2007లో నిర్మాత రిక్ రూబిన్‌తో కలిసి చేసిన మినిట్స్ టు మిడ్‌నైట్‌లో రాప్ రెండు పాటలకే పరిమితమైంది. అభిమానులు అప్పుడూ గొణిగారు. అయితే తొలి వారంలోనే అమెరికాలో ఆరు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోవడంతో ఆ గొణుగుడు పెద్దగా బయటికి రాలేదు.

అసలు మలుపు 2010 సెప్టెంబర్‌లో వచ్చిన ఎ థౌజండ్ సన్స్. ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకోకుండా నేటి గొడవను అర్థం చేసుకోవడం కష్టం.

ఆ పేరు వెనక భగవద్గీత ఉంది. పదకొండో అధ్యాయంలో విశ్వరూపాన్ని వర్ణిస్తూ, ఆకాశంలో వేయి సూర్యులు ఒక్కసారిగా ఉదయిస్తే ఎలా ఉంటుందో చెప్పే శ్లోకం అది. అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ గీతను తలచుకుంటూ మాట్లాడిన మాటల రికార్డింగును బ్యాండ్ నేరుగా ఆల్బమ్‌లోనే వాడుకుంది. ఇంకోచోట మార్టిన్ లూథర్ కింగ్ గొంతు వినిపిస్తుంది, మరోచోట 1960ల విద్యార్థి ఉద్యమ నాయకుడు మారియో సావియో ప్రసంగం. మొత్తం పదిహేను ట్రాకుల్లో పూర్తి స్థాయి పాటలు తొమ్మిదే. మిగతావి ఒక పాటను మరో పాటకు అతికే చిన్న చిన్న శబ్దఖండాలు. యువకుడి లోపలి కోపాన్ని పాడిన బ్యాండ్ అణుయుద్ధ భయాన్ని పాడటం మొదలుపెట్టింది. అదీ, విడిగా ఏ పాట తీసినా సగమే అర్థమయ్యే పద్ధతిలో.

బ్లాక్‌అవుట్ అనే పాట వింటే అభిమానుల ఉలికిపాటుకు కారణం తెలుస్తుంది. చెస్టర్ అందులో గొంతు చించుకుని అరుస్తారు. పాత రోజుల కంటే తక్కువగా ఏమీ కాదు. అయితే ఆ అరుపు కింద ఉండాల్సిన గిటార్ ఉండదు, కీబోర్డు లయ ఉంటుంది. తమకు ప్రాణమైన గొంతు తమకు తెలియని ఇంట్లోంచి వినిపించినట్టు అనిపించింది చాలామందికి. ఇది రాక్ కాదన్నారు. మరికొందరు ఇదే బ్యాండ్ చేసిన అతి గొప్ప పని అన్నారు. మధ్యేమార్గం అన్నవారు తక్కువ.

బ్యాండ్ ఈ స్పందనను ముందే ఊహించిందనడానికి ఆల్బమ్‌లోనే సాక్ష్యం ఉంది. డప్పుల మోతతో సాగే వెన్ దే కమ్ ఫర్ మీ పాటలో షినోడా సరిగ్గా ఈ విషయం మీదే రాప్ చేస్తారు. ఒక్కసారి కుదిరిన నమూనా వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది, తర్వాత వచ్చే ప్రతిదీ మొదటిదానిలాగే ఉండాలని అందరూ పట్టుబడతారు అన్నది ఆ రాప్ సారాంశం. తొలి ఆల్బమ్ పేరులోని థియరీ అన్న మాటను కూడా అందులో చురకలా వాడారు. అభిమానుల ఫిర్యాదుకు సమాధానం ఫిర్యాదు రాకముందే రికార్డయిపోయింది. మా దారి మాది అని బ్యాండ్ బాహాటంగా చెప్పిన సందర్భం ఇదే. తర్వాత జరిగిన ప్రతి గొడవలోనూ రెండు పక్షాలూ తెలిసో తెలియకో ఈ మాట చుట్టూనే తిరుగుతున్నాయి.

అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో ఎ థౌజండ్ సన్స్ మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది. తొలి వారం అమ్మకాలు మాత్రం 2,41,000. మూడేళ్ల కిందటి లెక్కలో సగం కూడా కాదు. చూశారా, జనం తిప్పికొట్టారు అని పాత ధ్వని అభిమానులు ఈ అంకెను ఇప్పటికీ చూపిస్తారు. ఆ మూడేళ్లలో సీడీల వ్యాపారం మొత్తంగా ఎంత కుంగిపోయిందో మాత్రం ఆ వాదనలో కనిపించదు.

ఈ వాదనకు ఇంతకంటే పెద్ద చిక్కు 2014లో వచ్చింది. ద హంటింగ్ పార్టీ పేరుతో బ్యాండ్ మళ్లీ బరువైన సంగీతానికి మళ్లింది. మొదటి పాట మొదటి క్షణాల్లోనే చెస్టర్ అరుపు. గిటార్లకు కొదవ లేదు. రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ గిటారిస్టు టామ్ మోరెల్లో, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్‌ నుంచి డారన్ మలాకియన్ అతిథులు. ఏళ్ల తరబడి అడిగినది చేతికందింది. తొలి వారంలో అమెరికాలో కొన్నవారు లక్షకు కాస్త పైగా, దక్కింది మూడో స్థానం. అడిగినవారంతా ఆ వారం ఎక్కడికి వెళ్లారో!

ఆ తర్వాత 2017 మే 19న వన్ మోర్ లైట్ ఆల్బమ్. అరుపులు లేవు, గిటార్లు వెనక్కి తగ్గాయి. అందులోని హెవీ పాటను జూలియా మైకేల్స్, జస్టిన్ ట్రాంటర్ వంటి పాప్ రచయితలతో కలిసి రాశారు. డబ్బు కోసం అమ్ముడుపోయారన్న మాట ఈసారి గట్టిగానే వినిపించింది. చెస్టర్ దానికి నొచ్చుకున్నారు, కోపగించుకున్నారు. హైబ్రిడ్ థియరీ మంచి ఆల్బమే, మాకూ ఇష్టమే, కానీ ఇంకా దాని గురించే ఎందుకు మాట్లాడుతున్నారు, ముందుకు కదలండి అని ఒక ఇంటర్వ్యూలో ఘాటుగా విరుచుకుపడ్డారు. అభిమానుల మీద ఆ కటువు తగదన్న విమర్శలోనూ న్యాయం లేకపోలేదు. డబ్బు పెట్టి కొన్నవారికి నచ్చలేదని చెప్పే హక్కు ఉంటుంది.

ఆల్బమ్ విడుదలకు ముందు రోజు ఆయన స్నేహితుడు, సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ మరణవార్త వచ్చింది. జిమ్మీ కిమ్మెల్ టీవీ కార్యక్రమంలో ఆ రోజు హెవీ పాడాల్సి ఉండగా, దాన్ని పక్కన పెట్టి కార్నెల్‌కు నివాళిగా ఆల్బమ్ పేరుతోనే ఉన్న వన్ మోర్ లైట్ పాట పాడారు. రెండు నెలలకు, 2017 జులై 20న, చెస్టర్ కూడా కన్నుమూశారు. ఆ ఆల్బమ్‌ను ఎగతాళి చేసినవారిలో చాలామందికి ఆ పాటే ఇప్పుడు ఆయన స్మృతిగీతం. ఆ మార్పులో తప్పేమీ లేదు. కానీ నేడు చెస్టర్ వారసత్వం పేరుతో కొత్త బృందాన్ని నిలదీస్తున్నవారిలో, ఆయన చివరి ఆల్బమ్‌ను చెస్టర్ స్థాయికి తగనిదని కొట్టిపారేసినవారూ ఉన్నారన్నది మరిచిపోలేం.

2024 నవంబర్ 15న వచ్చిన కొత్త బృందం ఆల్బమ్ ఫ్రమ్ జీరో విషయంలో ఇది మరింత స్పష్టం. షినోడా రాప్ తిరిగొచ్చింది, గిటార్లు తిరిగొచ్చాయి, హెవీ ఈజ్ ద క్రౌన్ పాటలో ఎమిలీ ఊపిరి బిగపట్టి సాగదీసే అరుపు పాత అభిమానులను ఉద్దేశించిందే అనిపిస్తుంది. 2010లో పోయిందన్న ధ్వని చాలావరకు ఇందులో ఉంది. అయినా చీలిక పోలేదు. ఈసారి అభ్యంతరం ధ్వని మీద నుంచి పేరు మీదికి మారింది.

చెస్టర్ కుటుంబంలో కొందరు బహిరంగంగానే బాధపడ్డారు. వారి బాధ వేరు, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. పాత డ్రమ్మర్ రాబ్ బూర్డన్ తిరిగి రాలేదు, గిటారిస్టు బ్రాడ్ డెల్సన్ ప్రదర్శనలకు వెళ్లడం లేదు కాబట్టి, వేదిక మీద పాత ముఖాలు మూడే కనిపిస్తున్నాయన్న ఫిర్యాదూ కాదనలేనిది. కొత్తవారి పాటలు నచ్చనివారు పాతవి వినవచ్చన్నది బ్యాండ్ పక్షం వహించేవారి జవాబు. ఆ జవాబు పేరు గురించిన ప్రశ్నను తాకదు.

కొత్త బృందం ప్రదర్శనల్లో పాడుతున్న పాత పాటల్లో ద కాటలిస్ట్, వెయిటింగ్ ఫర్ ద ఎండ్ కూడా ఉన్నాయి. రెండూ 2010 నాటి ఆ ఆల్బమ్‌లోవే. వాటి మీద ఇప్పుడు పెద్దగా ఫిర్యాదులు వినిపించడం లేదు.