తాతగారి మిలిటరీ ఉత్తరాలు: అపోహలు - వాస్తవాలు

ట్రంకు పెట్టె అడుగున ఉత్తరాల కట్ట దొరికిందని, రెండో ప్రపంచ యుద్ధంలో తాతగారు ఎక్కడ పనిచేశారో చెప్పమని నా దగ్గరికి వస్తుంటారు. కవర్లు ఏవని అడిగితే, చిరిగిపోయి ఉంటే పారేశామంటారు. ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: యుద్ధం సంగతులన్నీ ఉత్తరంలోనే ఉంటాయి.

వాస్తవం: ఊరి పేరు, దళం కదలికలు రాస్తే సెన్సారు వారు కొట్టేసేవారు, లేదా కత్తిరించేవారు. అందుకే ఉత్తరం నిండా గేదె ఈనిందా, మనియార్డరు అందిందా అన్న ప్రశ్నలే. ఆయన ఎక్కడున్నారో కవరు మీది ముద్ర చెబుతుంది. సైన్యం వెంట నడిచే ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో ఊరు ఉండదు, అంకె, తేదీ ఉంటాయి. ఏ అంకె ఎప్పుడు ఎక్కడుందో తపాలా చరిత్ర మీద పనిచేసేవారు జాబితాలు తయారుచేశారు. సైన్యంతోపాటు ఆ పోస్టాఫీసూ కదిలేది కాబట్టి అంకె ఒక్కటే చాలదు, తేదీ కూడా చదవగలగాలి.

అపోహ: తేదీ వేయని ఉత్తరం ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: ఇంటినుంచి వెళ్లి, ఆయనతోపాటే తిరిగొచ్చిన ఉత్తరాలను చూడండి. "తారణ శ్రావణ బహుళ పంచమి" అని ఉంటే అది తేదీ కాక మరేమిటి? తారణ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. ఆ పంచమి 1944 ఆగస్టులో వచ్చింది. మణిపూర్‌లోని ఇంఫాల్‌కు జపాన్ సైన్యం వేసిన ముట్టడి వీడి అప్పటికి నెలన్నర దాటింది.

అపోహ: కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో పేరు లేదు కాబట్టి ఆయన సైన్యంలో లేరు.

వాస్తవం: అది చనిపోయినవారి జాబితా. తాతగారు బతికి వచ్చారు కదా!

అపోహ: చేతిరాత ఆయనదే అయి ఉండాలి.

వాస్తవం: రాయడం రానివారు చాలామంది. చదువుకున్న తోటి సిపాయి రాసిపెడితే, ఇక్కడ ఊళ్లో మరొకరు చదివి వినిపించేవారు. ఇద్దరు పరాయివాళ్ల ముందు భార్యకు ఏం చెప్పుకోగలరు? మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు నుంచి రాసిన కొందరు భారతీయ సైనికులు నల్ల మిరియాలంటే తామని, ఎర్ర మిరియాలంటే తెల్ల సైనికులని సంకేతం పెట్టుకున్నారు. సెన్సారు వారు దాన్ని పట్టేశారు, అందుకే మనకు తెలిసింది. వారు ఇంగ్లీషులోకి మార్చిన భాగాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అసలు ఉత్తరాలు మాత్రం చాలావరకు మిగలలేదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితం భద్రం.

వాస్తవం: దయచేసి వద్దు. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయలేం. సెలోటేపూ అంతే. మొన్న ఒకావిడ తాతగారి ఉత్తరాన్ని అట్టకు అంటించి, లామినేట్ చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చారు. విడి కవరు లేని ఎయిర్ లెటరు అది, మడిస్తే అదే కవరు. చిరునామా, పోస్టాఫీసు ముద్ర అట్టకు అంటించిన వైపున ఉండిపోయాయి.