లద్దెపోగులో థర్మోస్టాట్

థర్మామీటర్ లేని రోజుల్లో గులాబీల నుంచి పన్నీరు తీసేవాళ్ళకు మంట ఎంత పెట్టాలో ఎలా తెలిసేదని ఒక పాఠకుడు అడిగారు. జవాబు కోసం 1500లో స్ట్రాస్‌బర్గ్‌లో యోహాన్ గ్రూనింగర్ అచ్చువేసిన ఒక పుస్తకం తెరవాలి. స్వేదన విద్య (కాచి, ఆవిరిని చల్లార్చి సారం దించడం) మీద హియరోనిమస్ బ్రన్‌ష్విగ్ అనే శస్త్రవైద్యుడు రాసింది. పేరు లాటిన్, లోపలంతా జర్మన్. బట్టీలవీ, గాజుపాత్రలవీ బోలెడన్ని బొమ్మలు.

అందులోని వైద్యం వదిలేద్దాం. కప్పగుడ్ల నుంచి దించిన నీటిని కూడా మందంటాడు ఈ పెద్దమనిషి! నాకు మోజు పొయ్యి సంగతి మీదే.

విడిగా నిప్పు పెట్టకుండా సారం తీయడానికి ఆయన చెప్పే దారులు చూడండి: ఎండలో పెట్టడం, సీసాను పిండిముద్దలో పొదిగి రొట్టెతోపాటు కాల్చడం, గుర్రపు లద్దెలో పాతడం, చీమల పుట్టలో ఉంచడం. చాదస్తంలా ఉందా? వీటిలో ఏదీ ఒక హద్దు దాటి వేడెక్కదు. కిటుకంతా అక్కడే ఉంది.

నిప్పు వాడినా, నాజూకు సరుకైతే పాత్రను నేరుగా మంట మీద పెట్టరు, మరిగే నీళ్ళలో దించుతారు. బడిలో కాగితపు దొప్పలో నీళ్ళు కాచి చూపిస్తారే, అదే సూత్రం. (పిల్లలు చప్పట్లు కొడతారు. కారణం చెప్పేలోపు బెల్లు కొడతారు.) లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 70 కిలోక్యాలరీలు చాలు. అక్కడి నుంచి మొత్తం ఆవిరి చేయడానికి 540 కావాలి, దాదాపు ఎనిమిది రెట్లు. అంత వేడి మింగుతూ కూడా నీరు ఒక్క డిగ్రీ పెరగదు. పొయ్యి దగ్గరి కుర్రాడు కట్టెలు ఎక్కువ ఎగదోస్తే ఆవిరి ఎక్కువ పోతుంది తప్ప గులాబీ రేకులు మాడవు. రొట్టెలోనూ అంతే. బయట 220 డిగ్రీలున్నా, తడి ఉన్నంతసేపు లోపలి మెత్తటి భాగం 100 దాటదు.

మరి గులాబీ వాసనకు ప్రాణమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ మరిగేది 220 దగ్గర కదా, 100 లోపే పన్నీట్లోకి ఎలా వచ్చింది? మరగనక్కర్లేదు. మరిగే స్థానానికి చాలా కిందే దానికి కొంత బాష్పపీడనం, అంటే ఆవిరిగా లేచే ఒత్తిడి, ఉంటుంది. రేకుల్లోని తడి ఆవిరై లేస్తుంటే, ఆ పీడనానికి తగ్గ మోతాదులో ఈ అణువులూ వెంట లేచి, బట్టీ మూత లోపల చల్లబడి చుక్కలవుతాయి. పైగా ఇది నీటిలో బాగా కరిగే రకం. అందుకే పైన తేలే అత్తరులోకి తక్కువగా పోయి పన్నీట్లోనే ఉండిపోతుంది.

ఇక లద్దె. పోగులో సూక్ష్మజీవులు గడ్డిని కుళ్ళబెడుతుంటే వేడి 60 డిగ్రీల దాకా ఎక్కుతుంది. 70 దాటితే వేడి పుట్టించేవే చావడం మొదలవుతుంది, పోగు తగ్గుముఖం పడుతుంది. వాసన భరించగలిగితే ఇంతకన్నా చవకైన థర్మోస్టాట్ (వేడిని హద్దులో ఉంచే సాధనం) లేదు.

పాత్రను నీళ్ళకు బదులు ఇసుకలోనో బూడిదలోనో పొదిగి కాస్తే? ఇసుకకూ బూడిదకూ ఈ గుణం లేదు. అవి మరగవు కాబట్టి మంట పెంచినకొద్దీ కాగుతూనే ఉంటాయి. వేడిని నెమ్మదిగా, సమంగా అందించడం వరకే వాటి పని. మనిషి కాపలా ఉండాల్సిందే.

చీమల పుట్ట దగ్గర కాపలా పని చీమలదే. యూరప్ అడవుల్లో ఎర్రచీమలు పైన్ ఆకులతో కట్టే పుట్టల నడిమధ్య వేసవిలో 25-30 డిగ్రీలు ఉంటుంది. దారులు తెరుస్తూ, మూస్తూ ఆ వేడిని నిలబెట్టేది అవే.