చూసింది ఒకటి, ఫొటోలో వచ్చింది ఒకటి

పిల్లలూ,

మీరు పంపిన సూర్యాస్తమయం ఫొటో చూశాను. "తాతయ్యా, ఆకాశం ఎంత ఎర్రగా ఉందో! ఫొటోలో మాత్రం వెలిసిపోయింది" అని రాశారు. ఆ బాధ నాకు తెలుసు. కెమెరా పట్టిన కొత్తలో నాకూ అన్నీ అలాగే వచ్చేవి.

మన కన్ను వెలుగునీ నీడనీ ఒకేసారి అందుకుంటుంది. కెమెరాకు అంత శక్తి లేదు. చెట్టు ఆకులు కనబడాలంటే ఆకాశం తెల్లబోతుంది, ఆకాశం రంగు దక్కాలంటే చెట్టు నల్లబడుతుంది. ఏది కావాలో మీరే చెప్పాలి. ఫోన్ అయితే తెర మీద ఆకాశం ఉన్నచోట తాకి, వెలుగు కాస్త తగ్గించండి. చెట్టు నల్లబడితే నల్లబడనివ్వండి. ఆకులు పోయినా కొమ్మల వంపు మిగులుతుంది. నాకైతే ఆ వంపే ఇష్టం.

ఇలా తేల్చుకోవడంలోనే కళ ఉంది. 1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో, ఆన్సెల్ ఆడమ్స్ అనే 25 ఏళ్ల కుర్రాడు హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎదుట నిలబడ్డాడు. బరువైన కెమెరా, ఫొటో పడే గాజు పలకలు మోసుకుంటూ ఎక్కి వచ్చాడు. తీయగా తీయగా రెండు పలకలే మిగిలాయి. ఒకటి పసుపు ఫిల్టర్‌తో, అంటే కెమెరా లెన్స్ ముందు పెట్టే రంగు గాజుతో తీశాడు. తీశాక అనుమానం వచ్చింది: ఆ కొండను చూస్తే తన గుండెలో కలిగిన గంభీరత ఇందులో రాదేమో! ఆఖరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. ఎర్ర గాజు నీలి వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి, ఆ నలుపు తెలుపు ఫొటోలో ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది. దాని ముందు కొండ నిటారుగా, భయం పుట్టించేలా నిలిచింది. బటన్ నొక్కకముందే ఆ బొమ్మ అతని మనసులో తయారైపోయింది.

మరి ఇది అబద్ధం కాదా అని మీలో ఒకరైనా అడుగుతారు. కాదనే నేను అనుకుంటాను. ఆయన లేని కొండను తెచ్చిపెట్టలేదు, ఉన్న కొండ తనకెలా అనిపించిందో చెప్పాడు. కానీ పిట్టల ఫొటో కోసం గూడు చుట్టూ ఉన్న కొమ్మలు పక్కకు వంచడం, పిల్లపిట్టను చేత్తో తీసి వెలుగులో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మీరు వెళ్ళాక ఆ గూటికి ఎండా, గద్దా రెండూ తగులుతాయి.

దీనికి పెద్ద కొండలే అక్కర్లేదు. విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోప్‌కు కెమెరా బిగించి ఒక్క మంచు రేకును ఫొటో తీశాడు. జీవితమంతా అదే పని, 5,000కు పైగా రేకులు! ఊపిరి తగిలినా కరిగిపోయే వాటిని అంత ఓపికగా చూశాడాయన.

పారే నీళ్లు దొరికితే ఇంకో సరదా ఉంది. సెకనులో వెయ్యోవంతు సమయంలో తీస్తే చినుకులు గాజుపూసల్లా గాలిలో ఆగిపోతాయి. కెమెరా కదలకుండా ఒక సెకను పాటు తీస్తే అవే నీళ్లు పొగలా పరుచుకుంటాయి. నీళ్ల చప్పుడు మీకు అల్లరిగా వినిపించిందా, జోలపాటలా వినిపించిందా? దాన్నిబట్టి ఎంచుకోండి.

రేపు సాయంత్రం మళ్ళీ ఆ చెట్టు దగ్గరికే వెళ్ళండి. ఆకాశం కోసం ఒకటి, చెట్టు కోసం ఒకటి తీసి రెండూ పంపండి. ఏది మీకు నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయండి. ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య