ఈగ మీసంలో చుట్టరికం

దోమ మీసం (యాంటెనా) పూసల దండలా ఉంటుంది, ఈగది అలా కాదు. ఇతర పురుగుల ఒంట్లో పిల్లల్ని పెంచే టాకినిడ్ ఈగను ఒకదాన్ని లెన్స్ కింద పెట్టి చూడండి. కళ్ల నడుమ నుంచి మొహం మీదికి వేలాడే రెండు పొట్టి కాడలు, ఒక్కో కాడ పైవైపు పొడుచుకొచ్చిన వెంట్రుక కనిపిస్తాయి. కాడలో వరసగా మూడు కణుపులు: చిన్న స్కేప్, దాని తర్వాత పెడిసెల్, చివర పొడవాటి పోస్ట్‌పెడిసెల్ ఉంటాయి. అరిస్టా అనే ఆ వెంట్రుక నిజానికి వెంట్రుక కాదు, పూర్వీకుల మీసంలోని చివరి కణుపులు సన్నబడగా మిగిలిన రూపం.

పెడిసెల్‌లో ఉండే జాన్‌స్టన్ అవయవం అనే జ్ఞానేంద్రియం మీసం కదలికను పట్టుకుంటుంది. వాసన పని పోస్ట్‌పెడిసెల్‌ది. దాని నిండా సూక్ష్మ గ్రాహక రోమాలు, వాటితోపాటు లోపలికి దిగిన గుంటలు కూడా ఉంటాయి. గొంగళిపురుగు కొరికిన ఆకు వాసన పట్టి ఆతిథేయిని (పిల్లలకు ఆహారమయ్యే పురుగును) వెతికే ఈగకు ఇదే ముక్కు. కొన్ని టాకినిడ్ ప్రజాతుల్లో మగవాటికి మాత్రమే ఇది కొమ్మలుగా చీలుతుంది. ఆడ, మగ రెండూ చూడకపోతే ఒకే జాతిని రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంది.

మరి మీసం చూసి ఏ ఈగకు ఏది చుట్టమో చెప్పగలమా? మీసం పరిమాణాన్ని నమ్మితే బోల్తా పడతాం. ఈకల్లో, బొచ్చులో దూరి తిరిగే హిప్పోబోసిడ్ ఈగలకు మీసాలు గుంటల్లో కుదించుకుపోయాయి. జంతువుల ఒంట్లో పిల్లల్ని పెంచే బాట్ ఈగలవీ చిన్నవే. అయినా హిప్పోబోసిడ్‌లకు దగ్గరి బంధువు ఆఫ్రికాలో నెత్తురు తాగే సెట్సీ ఈగ, బాట్ ఈగలేమో టాకినిడ్‌ల వర్గంలోనివి. అరిస్టా ఉన్న చోటూ పూర్తి సాక్ష్యం కాదు. కోనోపిడ్ అనే ఒకే ఈగల కుటుంబంలోనే కోనోప్స్ ప్రజాతికి మీసం కొసన ముల్లులాంటి మొన ఉంటుంది, మయోపా ప్రజాతికి అరిస్టా పైవైపునే ఉంటుంది.

ఇంతకంటే నమ్మదగ్గది పెడిసెల్ పైభాగాన నిలువుగా సాగే సన్నటి అతుకు గీత. టాకినిడ్‌లు, మాంసపు ఈగలు, ఇంటి ఈగలు చేరిన కాలిప్ట్రేట్ వర్గానికి అదో గుర్తు. అయితే బాగా కుదించుకుపోయిన మీసాల్లో దాన్ని పట్టుకోవడం కష్టం. అక్కడ డీఎన్ఏ సాయం తప్పదు.

గీతను ముందు ఎండు నమూనాలోనే, వెలుతురు పక్క నుంచి పడేలా చూడాలి. లోపలి నిర్మాణం కావాలంటే మీసాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, పలుచని అసిటిక్ ఆమ్లంతో కడిగి, గ్లిసరిన్‌లో ఉంచాలి. ఎక్కువసేపు నానితే రంగు పోయి గీతలు కలిసిపోతాయి. ఎండిన ఈగ మీసం ఇట్టే విరుగుతుంది, అన్నిటికంటే ముందు అరిస్టా పోతుంది. ఊడిన ముక్కను చిన్న గొట్టంలో వేసి ఆ ఈగను గుచ్చిన సూదికే గుచ్చాలి. వేరే డబ్బాలో పెడితే అది ఏ ఈగదో తర్వాత చెప్పలేం.