6 వోల్టుల నుంచి 12 వోల్టులకు: పాత పికప్ ట్రక్కుల వైరింగ్ మార్పు వెనుక ఉన్న చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1955 వరకు అమెరికాలో తయారైన పికప్ ట్రక్కును బాగుచేయడానికి పూనుకున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే సందేహం ఎదురవుతుంది. అందులోని 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థను ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, లేక 12 వోల్టులకు మార్చాలా? పొద్దున్నే సెల్ఫ్ మోటార్ నీరసంగా తిరగడం, హెడ్‌లైట్లు పసుపు పచ్చగా మిణుకుమనడం చూసినవారు, 6 వోల్టులంటేనే అరకొర వ్యవస్థ అని తేల్చేస్తారు. అసలు ఆ సంఖ్య ఎలా వచ్చిందో, ఎందుకు పోయిందో తెలుసుకుంటే ఆ తీర్పు తొందరపాటని అర్థమవుతుంది.

సీసపు బ్యాటరీలో ఒక్కో సెల్ సుమారు 2 వోల్టులు ఇస్తుంది. మూడు సెల్స్ కలిపితే 6, ఆరు కలిపితే 12. అందువల్ల వాహనాల వోల్టేజీ మొదటినుంచీ సెల్స్ లెక్క మీదే ఆధారపడి ఉంది. 1912 మోడల్ క్యాడిలాక్‌తో ఎలక్ట్రిక్ స్టార్టర్, అంటే సెల్ఫ్ మోటార్, అమ్మకపు వాహనాల్లో స్థిరపడింది. దాన్ని రూపొందించిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్లకు చిన్న మోటార్లు అమర్చిన ఇంజనీరు. కొద్ది సెకన్లు మాత్రమే తిరిగే మోటారు మీద దాని స్థాయికి మించిన భారం వేసినా తట్టుకుంటుందన్నది ఆయన అక్కడ నేర్చుకున్న పాఠం. గమనించదగ్గ సంగతి ఏమిటంటే, ఆ క్యాడిలాక్‌లో ఇంజన్ తిప్పడానికి బ్యాటరీ 24 వోల్టులు ఇచ్చేది, దీపాలకు, ఛార్జింగ్‌కు 6 వోల్టులు సరిపోయేవి. తొలి అడుగులోనే స్టార్టర్ అవసరం వేరు, మిగతా వాటి అవసరం వేరు అని తేలిపోయింది.

డాడ్జ్ బ్రదర్స్ కథ ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1914లో మొదలైన ఆ కార్లలో స్టార్టర్, డైనమో రెండూ ఒకే యంత్రంగా ఉండి, 12 వోల్టులతో పనిచేసేవి. 1926లో వారు దాన్ని విడిచిపెట్టి 6 వోల్టులకు దిగివచ్చారు. అంటే 12 నుంచి 6కు వెళ్లడం కూడా ఒకప్పుడు సమంజసమైన నిర్ణయమే. అప్పటి ఇంజన్ల కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనాల మిశ్రమాన్ని నొక్కే స్థాయి) తక్కువ కాబట్టి వాటిని తిప్పడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. మూడు సెల్స్ బ్యాటరీ తేలిక, చవక కూడా. పైగా అంతే వాట్ల బల్బుకు తక్కువ వోల్టేజీలో ఫిలమెంట్ మందంగా ఉంటుంది కనుక, గతుకుల బాటలో అది త్వరగా తెగదు. రోజంతా బరువు మోసే ట్రక్కుకు ఈ చివరి లాభం చిన్నదేమీ కాదు.

అయితే తక్కువ వోల్టేజీకి కరెంటు రూపంలో మూల్యం చెల్లించాలి. 45 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 4 ఆంపియర్ల లోపే తీసుకుంటే, 6 వోల్టుల మీద 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. సెల్ఫ్ మోటారు విషయంలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 200 ఆంపియర్లు పారుతున్న దారిలో మొత్తం నిరోధం 0.005 ఓమ్ ఉందనుకుంటే, అక్కడే 1 వోల్టు పోతుంది, అంటే 6లో ఆరో వంతు. అదే శక్తిని 12 వోల్టులతో ఇస్తే 100 ఆంపియర్లు చాలు, పోయేది అర వోల్టు, అంటే 24వ వంతు మాత్రమే. వోల్టేజీని రెట్టింపు చేస్తే నష్టం నాలుగో వంతుకు పడిపోతుందన్న ఈ లెక్కే ఆ తర్వాతి చరిత్రనంతటినీ నడిపించింది.

యుద్ధం తర్వాత ఇంజన్లు మారాయి. 1949లో క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కొత్త ఓవర్‌హెడ్ వాల్వ్ వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజన్లను తెచ్చాయి, కంప్రెషన్ ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్‌ను చలిలో తిప్పడం కష్టం. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు ఒక స్పార్కుకూ మరో స్పార్కుకూ మధ్య, ఆ స్పార్కును పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు నింపుకునే వ్యవధి కూడా చిక్కదు. దానికి తోడు రేడియోలు, హీటర్లు, కరెంటుతో దిగే కిటికీలు వచ్చిపడ్డాయి. 1953లో క్యాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ 12 వోల్టులకు మారాయి. పనిచేసే ట్రక్కులకు ఆ మార్పు కాస్త ఆలస్యంగా అందింది. షెవర్లే పాత అడ్వాన్స్ డిజైన్ ట్రక్కులు చివరిదాకా 6 వోల్టులతోనే ఉన్నాయి, 1955 మార్చిలో వచ్చిన కొత్త ఆకృతి ట్రక్కులతో 12 మొదలైంది. ఫోర్డ్ ఎఫ్-100 కు అది 1956 మోడల్‌తో వచ్చింది.

ఈనాడు పాత ట్రక్కును మార్చేవారికి ఎదురయ్యే చిక్కులన్నీ ఆ రెండు మూడేళ్ల సరిహద్దు నుంచి పుట్టినవే. 1955 వరకు ఫోర్డ్ ట్రక్కుల్లో బ్యాటరీ పాజిటివ్ కొనను ఛాసీకి కలిపేవారు, షెవర్లేలో నెగటివ్ కొనను కలిపేవారు. అందువల్ల ఫోర్డ్‌ను మార్చేటప్పుడు సాధారణంగా వోల్టేజీతోపాటు ఎర్త్ (ఛాసీకి కలిపే కొన) కూడా తిరగబడుతుంది. అప్పుడు అమ్మీటర్ (కరెంటును చూపే మీటర్) వైర్లను, కాయిల్ కనెక్షన్లను అటూ ఇటూ మార్చాలి. గేజ్‌ల సంగతి కూడా ఇంతే. ఫోర్డ్‌లో పెట్రోలు, ఆయిల్, ఉష్ణోగ్రత మూడూ కరెంటుతోనే చూపిస్తాయి కాబట్టి వోల్టేజీ తగ్గించే పరికరం పెట్టకుండా 12 వోల్టులిస్తే అవి కాలిపోతాయి. షెవర్లేలో ఆయిల్ ప్రెజర్, ఉష్ణోగ్రత గేజ్‌లు సన్నని గొట్టాలతో యాంత్రికంగా పనిచేస్తాయి కాబట్టి పెట్రోలు గేజ్ ఒక్కదాని గురించే ఆలోచిస్తే చాలు.

స్టార్టర్ విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. 6 వోల్టుల మోటారు 12 మీద కొద్ది సెకన్లు తిరిగితే కాలిపోదు, కెటరింగ్ నేర్చుకున్న పాఠం ఇక్కడా వర్తిస్తుంది. షెవర్లేలో కాలితో తొక్కే పెడల్ ముందు పళ్లచక్రాన్ని ఫ్లైవీల్ రింగ్‌లోకి నెట్టి, ఆ తర్వాతే కరెంటు కలుపుతుంది కనుక అక్కడ దెబ్బ తక్కువ. ఫోర్డ్‌లోని బెండిక్స్ ఏర్పాటులో మాత్రం తిరుగుతున్న చక్రం వెళ్లి ఫ్లైవీల్ పళ్లను తాకుతుంది. రెట్టింపు వోల్టేజీతో ఆ తాకిడి పెరిగి, రింగ్ పళ్లు త్వరగా అరిగిపోతాయి. ఇంజన్ వెంటనే అందుకోకపోతే సెల్ఫ్‌ను పట్టుకుని ఉండకూడదని అనుభవజ్ఞులు హెచ్చరించడంలో అర్థం ఉంది.

మార్పిడికి అసలైన ఊపు తెచ్చింది బ్యాటరీ కాదు, ఆల్టర్నేటర్. పాత డైనమో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లు వేసుకుని ఆగి ఆగి నడిపితే బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఆల్టర్నేటర్ ఇచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి వచ్చాక, 1960 మోడల్ వాలియంట్‌తో క్రైస్లర్ ఆల్టర్నేటర్‌ను సాధారణ అమరికగా చేసింది. 1970ల ఆరంభంలో ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ లోపలే ఇమిడిన ఆల్టర్నేటర్లు రావడంతో పాత ట్రక్కులో దాన్ని బిగించడం రెండు మూడు వైర్ల పనైపోయింది. నడుమ కొందరు 8 వోల్టుల బ్యాటరీ అనే మధ్యేమార్గం పట్టారు. సెల్ఫ్ చురుకుగా తిరిగే మాట నిజమే గాని, ఆ బ్యాటరీ నిండాలంటే రెగ్యులేటర్‌ను పెంచాలి, పెంచితే బల్బులు మాడిపోతాయి. నా దృష్టిలో అది ఏ సమస్యనూ తీర్చని సర్దుబాటు.

ఇంత చరిత్ర చెప్పడానికి కారణం ఒక్కటే. కొత్తగా ఉన్నప్పుడు ఆ ట్రక్కులు 6 వోల్టులతోనే గడ్డకట్టే చలిలోనూ స్టార్ట్ అయ్యాయి. ఆ తర్వాత డెబ్బై ఏళ్లలో మారింది వోల్టేజీ కాదు, కరెంటు నడిచే దారి. 12 వోల్టుల వాహనాలకు చేసిన సన్నని కేబుల్‌ను ఎవరో తెచ్చి వేసి ఉంటారు. ఎర్త్ పట్టీని కొత్త రంగు వేసిన ఛాసీ మీదే బిగించి ఉంటారు, రంగు కింద ఇనుము దానికి తగలనే తగలదు. మీటర్ ఒక కొనను బ్యాటరీ ఎర్త్ పోస్టు సీసానికే ఆనించి, రెండో కొనను సెల్ఫ్ మోటారు ఒంటికి తాకించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించి చూడండి. ముల్లు పావు వోల్టు దాటితే తప్పు అక్కడే దొరికినట్టు. వెలుగు సంగతి మరీ సున్నితం: బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. హెడ్‌లైట్ గిన్నె నుంచి ఛాసీకి విడిగా ఒక ఎర్త్ వైరు లాగితే పోయిన వెలుగులో చాలా భాగం తిరిగి వస్తుంది.

ఆ పనులన్నీ చేశాక కూడా రాత్రి ప్రయాణాలు, కొత్త రేడియో, ఫోన్ ఛార్జింగ్ కావాలనుకునేవారు 12కు మారడం న్యాయమే. అప్పుడు గుడ్డ తొడుగు పొడిపొడిగా రాలుతున్న పాత వైరింగ్‌ను మాత్రం ఉంచకూడదు. కరెంటు సగమవుతుంది కాబట్టి రాగి మందం సరిపోతుంది గాని, ఇన్సులేషన్ వయసు తగ్గదు. ట్రక్కులో ఇంకా 6 వోల్టుల మీదే నడుస్తున్న భాగాలేవో, ఎర్త్ ఏ కొనదో ఒక రేకు మీద రాసి బ్యాటరీ పెట్టె పక్కన బిగించాలి. తర్వాత ఆ బానెట్ ఎత్తే మనిషి కొత్త బ్యాటరీని పాత అలవాటు కొద్దీ తిరగేసి కలిపితే, ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ క్షణంలోనే పోతాయి.