డెత్ రిసెప్టర్ అంటే చావు బటనేనా? కణాల చావు మీద అపోహలు - వాస్తవాలు

కణాలు ఎలా చస్తాయి అన్నదాని మీదే పన్నెండేళ్లుగా ల్యాబ్‌లో పని చేస్తున్నా. కొత్తగా చేరిన పిల్లలు దాదాపు అందరూ మొదటి నెలలోనే మొహం వేలాడేసుకుని వస్తారు, "మేడమ్, హీలా కణాలకి టీఎన్ఎఫ్ వేశాను, ఒక్కటీ చావలేదు, టీఎన్ఎఫ్ పాడైపోయినట్టుంది" అని. పాడవ్వలేదమ్మా, అది చేయాల్సిన పనే చేసింది. హీలా అంటే ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలు, టీఎన్ఎఫ్ అంటే రోగనిరోధక కణాలు వదిలే సిగ్నల్ ప్రోటీన్, అది వచ్చి తగులుకునే కణం పొర మీది ప్రోటీన్‌నే డెత్ రిసెప్టర్ అంటాం. తిప్పలన్నీ మనం పెట్టుకున్న ఆ "డెత్ రిసెప్టర్" అన్న పేరుతోనే.

అపోహ: డెత్ రిసెప్టర్‌కి సిగ్నల్ తగిలితే కణం చావాల్సిందే.

వాస్తవం: టీఎన్ఎఫ్ తగులుకునే డెత్ రిసెప్టర్ పేరు టీఎన్ఎఫ్ రిసెప్టర్-1, దాని తోక కణం లోపలికి ఉంటుంది, ఆ తోకలో సుమారు 80 అమైనో ఆమ్లాల ముక్కే డెత్ డొమైన్. దానికి సొంతంగా ఎంజైమ్ పని ఏమీ లేదు, కొక్కెం లాంటిది అంతే, ఎవరొచ్చి తగులుకున్నారు అన్నదాన్ని బట్టి కథ నడుస్తుంది. టీఎన్ఎఫ్ తగలగానే ముందు ట్రాడ్, రిప్‌కే1 అనే ప్రోటీన్లు వచ్చి పట్టుకుంటాయి, వాటి వెనకే ట్రాఫ్2, సీఐఏపీలు వస్తాయి, రిప్‌కే1 మీద యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ గొలుసులు పడతాయి, అక్కడి నుంచి ఎన్ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి వెళ్లి బతకడానికి కావాల్సిన జీన్లు ఆన్ చేస్తుంది. అంటే ఈ రిసెప్టర్ ముందు ఇచ్చే ఆర్డరు "బతుకు" అనే! ఆ ఏర్పాటు దెబ్బతింటేనే కణం లోపల ఫాడ్ అనే ప్రోటీన్, కాస్పేస్-8 అనే చంపే ఎంజైమ్‌తో రెండో గుంపు తయారై చంపుతుంది. ఈ రెండంచెల సంగతి 2003లో మిషో, చోప్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

అందుకే మేం టీఎన్ఎఫ్‌తో పాటు సైక్లోహెక్సిమైడ్ కూడా వేస్తాం. అది కొత్త ప్రోటీన్ల తయారీ ఆపేస్తుంది, కాస్పేస్-8ని అదుపులో పెట్టే సీ-ఫ్లిప్ అనే ప్రోటీనేమో ఎక్కువసేపు నిలిచేది కాదు, ఉన్నది అయిపోతే మళ్లీ తయారు కాదు, ఇక కాస్పేస్-8కి అడ్డెవరు? టీఎన్ఎఫ్ ఒక్కదానికి 24 గంటలైనా చెక్కుచెదరని కణాలు ఈ రెండూ కలిస్తే కొన్ని గంటల్లోనే గుండ్రంగా అయిపోయి ప్లేట్ నుంచి లేచిపోతాయి. మైక్రోస్కోప్‌లో ఇది ఒక్కసారి చూసిన పిల్లలు ఇంకెప్పుడూ టీఎన్ఎఫ్ వయల్‌ని తిట్టరు.

అపోహ: రిసెప్టర్‌కి ఏదో ఒకటి అతుక్కుంటే చాలు.

వాస్తవం: చాలదు. ఫాస్ అని ఇంకో డెత్ రిసెప్టర్ ఉంది, దానికే అతుక్కునే రెండు యాంటీబాడీలు తీసుకోండి. సీహెచ్11 ఐజీఎం రకం, దానికి పట్టుకునే చోట్లు 10, చాలా రిసెప్టర్లని ఒక దగ్గరికి లాగి కణాన్ని చంపుతుంది. జెడ్‌బీ4 ఐజీజీ రకం, అదే ఫాస్‌కి అతుక్కుని చావుని ఆపుతుంది. డెత్ డొమైన్లు పక్కపక్కకి చేరితేనే ఫాడ్‌కి కూర్చునే చోటు దొరుకుతుంది, లెక్కంతా అక్కడే ఉంది.

ఇది పిల్లల్లో జబ్బుగా కూడా కనిపిస్తుంది. ఏఎల్‌పీఎస్ అని ఒకటుంది, లింఫ్ గడ్డలు, ప్లీహం పెరిగిపోతాయి, చూడ్డానికి లింఫోమాలా అనిపించి తల్లిదండ్రులు హడలిపోతారు. పని అయిపోయాక చావాల్సిన టీ కణాలు చావక పోగుపడడమే కారణం. చాలామందిలో ఫాస్ జీన్ ఒక కాపీ మాత్రమే పాడై ఉంటుంది, అదీ ఎక్కువగా డెత్ డొమైన్‌లోనే. ఒక కాపీ బాగానే ఉందిగా, సగం పని జరగాలిగా అనుకుంటాం. కానీ ఫాస్ ముగ్గురేసి కలిసి పని చేస్తుంది, మంచీ చెడ్డా సగం సగం ఉంటే ముగ్గురూ మంచివాళ్లే పడే అవకాశం 8లో 1. ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద వేసి చూసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అంత నచ్చింది.

అపోహ: ఈ టీఎన్ఎఫ్ రిసెప్టర్ల కుటుంబంలో అన్నీ చంపేవే.

వాస్తవం: టీఎన్ఎఫ్ రిసెప్టర్-2కి డెత్ డొమైనే లేదు. ట్రెయిల్ అని టీఎన్ఎఫ్ లాంటిదే ఇంకో సిగ్నల్ ప్రోటీన్ ఉంది, దాన్ని పట్టుకునే వాటిలో డీఆర్4, డీఆర్5లకి ఉంది, డీసీఆర్1కి లోపలి తోకే లేదు, డీసీఆర్2కి సగంలో తెగిన డెత్ డొమైన్ ఉంది. ఈ చివరి రెండూ ట్రెయిల్‌ని పట్టుకుంటాయి గానీ చావు కబురు లోపలికి చేర్చవు.

అపోహ: కాస్పేస్‌ని ఆపేస్తే కణం బతికిపోతుంది.

వాస్తవం: నేనూ చాలా కాలం ఇలాగే అనుకున్నా. కాస్పేస్-8 లేని ఎలుక పిల్ల తల్లి కడుపులోనే, సుమారు 11వ రోజుకి చచ్చిపోతుంది. చంపే ఎంజైమ్‌ని తీసేస్తే చావడమేంటి? ఎందుకంటే కాస్పేస్-8 ఇంకో పని కూడా చేస్తుంది, రిప్‌కే1, రిప్‌కే3లని అణచి ఉంచుతుంది. అది లేకపోతే రిప్‌కే3 వెళ్లి ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్‌ని లేపుతుంది, అది కణం పొరకి చిల్లులు పెడుతుంది, లోపలిదంతా బయటికి కారి చుట్టూ వాపు వస్తుంది, దీన్నే నెక్రోప్టోసిస్ అంటాం. 2011లో రిప్‌కే3ని కూడా కలిపి తీసేసి చూస్తే ఆ ఎలుకలు పుట్టి పెరిగాయి, కాకపోతే పెద్దయ్యాక వాటికీ ఏఎల్‌పీఎస్ పిల్లల్లాగే లింఫ్ గడ్డలు పెరిగాయి.

అపోహ: ఈ రిసెప్టర్లని ఆన్ చేసే మందిస్తే క్యాన్సర్ పోతుంది.

వాస్తవం: ఫాస్‌తో అది కుదరదు. ఎలుకలకి ఫాస్ యాంటీబాడీ ఇస్తే గంటల్లో లివర్ దెబ్బతిని చచ్చిపోయాయని 1993లోనే తెలిసింది. ట్రెయిల్ మామూలు కణాల జోలికి పెద్దగా పోదని చాలా ఆశ పెట్టుకున్నారు, కానీ డులానెర్మిన్ అనే ట్రెయిల్ మందు ట్రయల్స్‌లో రోగులకి ఆశించిన లాభం ఇవ్వలేదు.

అపోహ: ఎంటీటీ (కణాల మెటబాలిజాన్ని రంగుతో కొలిచే టెస్ట్) రీడింగ్ తగ్గింది, అంటే కణాలు చచ్చాయి.

వాస్తవం: కణాలు పెరగడం ఆగినా, మెటబాలిజం మందగించినా అది తగ్గుతుంది. చచ్చే కణాలకి రంగు పట్టించే అనెక్సిన్-పీఐ టెస్ట్ చేయండి, కాస్పేస్ తెగిందో లేదో బ్లాట్ అనే ప్రోటీన్ టెస్ట్‌లో చూడండి, ఆ తర్వాతే "చావు" అని రాయండి, దయచేసి.

"ఈ గోలంతా మాకెందుకు" అని మా పిన్ని అడుగుతూ ఉండేది, తర్వాత ఆవిడకే కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ని ఆపే ఇంజెక్షన్ రాశారు. మందు మొదలుపెట్టే ముందు టీబీ టెస్ట్ అన్నారని కంగారుపడి ఫోన్ చేసింది. టీబీ క్రిమిని ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి బంధించి ఉంచేది ఇదే టీఎన్ఎఫ్, దాన్ని ఆపితే ఎప్పటినుంచో నిద్రపోతున్న టీబీ లేవొచ్చు పిన్నీ అని చెప్పా. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మందు రాస్తే ఆ టెస్ట్ మాత్రం ఎగ్గొట్టకండి.